తొలివాన రాత్రులు: అనంతపురం మెట్టచేలలో ఎర్ర గొంగళిపురుగు చరిత్ర

అనంతపురం జిల్లా చరిత్ర రాయబూనినవారు సాధారణంగా విజయనగర రాజులతో మొదలుపెడతారు. 1800లో నిజాం నుంచి కుంపిణీకి చేరిన దత్తమండలాలు, మన్రో దొర కచేరీ, 1876–78 నాటి ధాత కరువు, 1882లో బళ్ళారి నుంచి విడిపడి ప్రత్యేక జిల్లా ఏర్పడటం వరుసగా వస్తాయి. ఆ వరుసలో ఒక పురుగుకు చోటిచ్చినవారు అరుదు. కాని ఈ గడ్డమీద మెట్ట సేద్యం చేసిన కుటుంబాల పెద్దలను అడిగి చూడండి. వాన కురవక పంట పోయిన ఏళ్ళతోపాటు, వాన కురిసి కూడా పంట దక్కని ఏళ్ళను వారు వేరుగా లెక్కపెడతారు. ఆ రెండో లెక్కలో మొదట వినిపించే పేర్లలో ఎర్ర గొంగళిపురుగు ఒకటి. మన పల్లెల్లో దానినే కంబళిపురుగు అంటాము.

చెరకు పండించే ప్రాంతాల్లో రైతుకు పీకపురుగు, కాండం తొలిచే పురుగు శత్రువులు. అవి గడ లోపల దాగి తింటాయి. మన కంబళిపురుగుకు ఆ దాపరికం లేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగానే, ఒక చేను ముగించి పక్క చేనికి దండుగా నడిచిపోతుంది. ఇవన్నీ రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల సంతానమే. కాని కంటికి కనిపించే ఈ శత్రువును అదుపు చేయడానికి మనవారు పడిన పాట్లు వందేళ్ళకు పైబడి ఉన్నాయి. వ్యవసాయ, రెవిన్యూ, పంచాయతీరాజ్ శాఖల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన సభ్యులకు ఈ చరిత్రలో కొంత భాగం స్వానుభవమే. మిగిలిన భాగాన్ని కూడా ఒకచోట చేర్చి చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కార్తెలు తెలిసిన పురుగు

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా. పెద్ద పురుగు తెల్లని రెక్కలతో అందంగానే ఉంటుంది. ముందు రెక్కల మీద గోధుమరంగు చారలు, అంచున పసుపు గీత, వెనుక రెక్కల మీద నల్లని మచ్చలు. ఈ రెక్కల పురుగు పైరును తినదు. దాని పని జత కట్టి గుడ్లు పెట్టడమే. ఒక్కొక్క ఆడపురుగు ఆకుల అడుగున గుంపులు గుంపులుగా ఆరేడు వందల గుడ్లు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ కూడా పెడుతుంది. రెండు మూడు రోజుల్లో అవి పిల్లలవుతాయి. మొదట్లో ఆ పిల్లలన్నీ ఒకేచోట ఉండి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. పెరిగేకొద్దీ ఒంటినిండా ఎర్రని వెంట్రుకలు వస్తాయి, ఆకలి పెరుగుతుంది, గుంపు చెదిరి చేనంతా పరుచుకుంటుంది. సుమారు రెండు అంగుళాల పొడవు పెరిగిన పురుగులు దండుగా కదిలినప్పుడు మొలిచిన వేరుశనగ చేను మోడుబారుతుంది.

ఈ తిండి కాలం నెల, నెలన్నర. ఆ తర్వాత పురుగు నేలలోకి దిగుతుంది. గట్ల పక్కన, కంచెల కింద, చెట్ల నీడన, జానెడు లోతులోపు మట్టిగూడు కట్టుకుని అందులో ప్యూపాగా మారి నిద్రపోతుంది. ఆ నిద్ర చిన్నది కాదు. దాదాపు పది నెలలు. మాఘం, ఫాల్గుణం, చైత్రం, వైశాఖం గడిచిపోతాయి. పైన నేల పెనంలా కాలుతుంది. పురుగు మాత్రం కదలదు. ముంగారు వాన గట్టిగా పడి, తేమ లోపలిదాకా దిగిన కొద్ది రోజులకే సాయంత్రపు చీకటివేళ రెక్కలు విప్పుకుని నేలలోంచి బయటకు వస్తుంది. గుడ్లు పెట్టడానికి ఎక్కువ కాలం వేచి ఉండదు.

మన రైతు మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఏ వాన కోసం ఆకాశం కేసి చూస్తాడో, నేల లోపలి పురుగు కూడా ఆ వాన కోసమే కాచుకుని ఉంటుందన్నమాట. ఇద్దరి పంచాంగమూ ఒకటే. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో విత్తే పదును ఎన్నిసార్లు వస్తుంది? వచ్చిన ఒక్క పదునుకు విత్తనం వేసి, మొలక చూసి సంతోషించే వేళకు పురుగు పిల్లలు సిద్ధంగా ఉంటాయి. పదును దాటిపోయాక మళ్ళీ విత్తుదామంటే విత్తనమూ ఉండదు, వానా ఉండదు. ఈ పురుగు మన జిల్లాకు చేసిన నష్టం ఇంత తీవ్రంగా ఉండటానికి కారణం ఇదే.

కొర్రచేను పోయి శనక్కాయ వచ్చింది

పూర్వం ఈ పురుగు లేదని కాదు. కాని దానికి ఇంత రాజ్యం లేదు. 1905లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనంతపురం గెజిటీరు వెలువరించిన నాటికి ఇక్కడి మెట్టనేలల్లో కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ వంటివే ప్రధానమైన పంటలు. ఒక్కో చేనిలో నాలుగైదు రకాల గింజలు కలిపి విత్తడం, గట్టున ఆముదం వేయడం, సాళ్ళ మధ్య కంది, అలసంద, అనుము పోయడం మామూలు. అటువంటి చేలలో పురుగు పడినా ఒక పంట పోతే మరొకటి మిగిలేది.

మద్రాసు రాజధానిలో వేరుశనగ వ్యాపారపంటగా మొదట విస్తరించింది దక్షిణ ఆర్కాటు ప్రాంతంలో. అక్కడి తిండివనం పరిశోధనా కేంద్రం నుంచి 1940లో వెలువడిన టి.ఎం.వి.–2 రకం క్రమేణా మన ఎర్రనేలల్లో ఇంటింటి విత్తనమైంది. తక్కువ వానకు తట్టుకునేది, చేతికి రొక్కం తెచ్చేది, కట్టె పశువులకు మేతగా పనికొచ్చేది. ఇన్ని గుణాలున్న పంటను రైతు ఎందుకు వదులుకుంటాడు? నూనెమిల్లులు వచ్చాయి. 1986లో కేంద్ర ప్రభుత్వం నూనెగింజల సాంకేతిక మిషన్ ప్రారంభించింది. 1990ల నాటికి ఒక్క అనంతపురం జిల్లాలోనే వేరుశనగ విస్తీర్ణం ఏడు లక్షల హెక్టార్లు దాటింది. ఖరీఫులో చేలవైపు చూస్తే కనుచూపు మేర ఒకే పైరు.

మనిషికి ఇది వ్యవసాయాభివృద్ధి. పురుగుకు ఇది విస్తరి వేసిన విందు. తేలికపాటి ఎర్రనేల ప్యూపా దాగడానికి అనువు. ఊరి పొలిమేర నుంచి పొరుగూరి పొలిమేర దాకా అడ్డంకి లేని ఆహారం. గట్టుమీది ఆముదమూ చేనిలోని అలసందా తగ్గిపోయేసరికి, పురుగు ముందుగా వాలే మొక్కలు కూడా లేకుండా పోయాయి. వీటి ఉపయోగం ఏమిటో తర్వాత చెబుతాను. ఎర్ర గొంగళిపురుగును మన జిల్లాకు ఎవరూ తెచ్చిపెట్టలేదు. అది ఎప్పుడూ ఇక్కడిదే. దాన్ని దండుగా మార్చింది మాత్రం పంటల తీరులో వచ్చిన మార్పు.

కోయంబత్తూరు కీటకశాస్త్రజ్ఞులు, 1919 చట్టం

ఈ పురుగును శాస్త్రీయంగా గమనించడం మద్రాసు రాజధానిలో ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే మొదలైంది. ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడు టి. బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణభారత కీటకాల గురించి పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ తర్వాత కోయంబత్తూరులో ఆ శాఖ బాధ్యతలు వహించిన టి.వి. రామకృష్ణ అయ్యర్ 1940లో వెలువరించిన చేతిపుస్తకం అనేక తరాల వ్యవసాయ విద్యార్థులకు పాఠ్యమైంది. తొలివానకు రెక్కల పురుగులు బయటపడటం, గుడ్ల గుంపులు, నేలలో దీర్ఘనిద్ర, ఇవన్నీ ఆ తరం వారు చేలవెంట తిరిగి తెలుసుకున్న విషయాలు. మందులు లేని కాలం కనుక వారు చెప్పిన ఉపాయాలు కూడా చేతిపనులే. రెక్కల పురుగులను ఏరి చంపడం, దీపపు ఎరలు పెట్టడం, గుడ్లున్న ఆకులను తుంచి నాశనం చేయడం, వేసవి దుక్కులు దున్ని ప్యూపాలను ఎండకూ పక్షులకూ వదలడం, దండు నడిచే దారికి అడ్డంగా కందకం తీయడం.

ఈ ఉపాయాల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా చేస్తే ఫలించదు. ఒకరు దున్ని పక్కవారు బీడు పెడితే, పక్క చేనిలో లేచిన పురుగు దున్నిన చేనిలో గుడ్లు పెడుతుంది. ఆనాటి ప్రభుత్వానికి ఈ సంగతి అర్థమైంది. 1919లో మద్రాసు వ్యవసాయ తెగుళ్ళ, చీడల చట్టం వచ్చింది. ఏదైనా పురుగు ఒక ప్రాంతానికి ప్రమాదకరమని ప్రకటించి, దాని నివారణకు ఫలానా పనులు ప్రతి సాగుదారూ చేసి తీరాలని ఉత్తరువు ఇవ్వడానికి ఆ చట్టం వీలు కల్పించింది. చేయనివారి చేనిలో ప్రభుత్వమే ఆ పని చేయించి, ఖర్చును శిస్తు బకాయి వసూలు చేసినట్టు రాబట్టవచ్చు. ఇటువంటి చట్టం కింద నివారణ చర్యలు నిర్బంధించిన పురుగులకు ఉదాహరణగా కీటకశాస్త్ర పాఠాల్లో చెప్పేవాటిలో వేరుశనగ ఎర్ర గొంగళిపురుగు ఒకటి. పత్తి, కొబ్బరి, చెరకు పురుగులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన తర్వాత కూడా ఆ చట్టం మనకు కొనసాగింది.

పరాయి దొరతనం చేసిన చట్టమే అయినా, దానిలోని సూత్రం ఆలోచించదగినది. రెక్కలున్న పురుగుకు సర్వే నంబర్లు లేవు. ఒకరి చేనిలో జరిగిన ఉపేక్ష పక్కవాడి నష్టమవుతుంది. కాబట్టి నివారణ అన్నది ఒక రైతు సొంత వ్యవహారం కాదు, ఊరి వ్యవహారం. దౌర్భాగ్యమేమంటే ఈ సూత్రాన్ని మనం తర్వాతి ముప్పై నలభై ఏళ్ళలో చాలావరకు మరిచిపోయాము. దానికి కారణం పొడిమందు.

పొడిమందు రోజులు

స్వాతంత్ర్యం వచ్చాక 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. గ్రామసేవకులు ఊరూరా తిరిగే కాలం వచ్చింది. వారివెంట కొత్త విత్తనాలు, ఎరువులు, వాటితోపాటు బి.హెచ్.సి. పదిశాతం పొడి కూడా వచ్చింది. డస్టరు ఉన్నవారు డస్టరుతో, లేనివారు గోనెపట్టాలో పొడిపోసి చేనిమీద విదిలించేవారు. ఆ ఘాటు, ఆ తెల్లని దుమ్ము ఈ జిల్లాలో పనిచేసిన క్షేత్రోద్యోగులెవరూ మరిచిపోయేవి కావు. తర్వాతి కాలంలో మిథైల్ పెరాథియాన్ రెండుశాతం పొడి తోడైంది.

మందు అసలు పనిచేయలేదని అనలేము. పిల్లపురుగుల దశలో, గుంపు చెదరకముందు చల్లితే చక్కగా పనిచేసేది. కాని రైతు కంటికి పురుగు ఆనేది ఎప్పుడు? ఆకు మాయమైన తర్వాత. అప్పటికి పురుగు ముదిరి ఉంటుంది. ఒంటిమీద దట్టమైన వెంట్రుకలు ఉంటాయి. ఎదిగిన పురుగును చంపడానికి పొడి మోతాదు చాలదు. ఎక్కువ చల్లితే ఖర్చు మోయలేని భారం. పైగా ఎవరి చేనికి వారే, ఎవరి వీలునుబట్టి వారు చల్లుకునే మందు కనుక, చల్లని చేనిలోంచి దండు మళ్ళీ వచ్చేది. మందు సంచీ చేతికి రావడంతో ఊరంతా కలిసి చేసే పని ఎవరికి వారు చేసుకునే పనిగా మారింది. పొడిమందు వల్ల జరిగిన అసలు నష్టం నా దృష్టిలో ఇదే.

మరొక నష్టం నెమ్మదిగా తెలిసివచ్చింది. బి.హెచ్.సి. తొందరగా విరిగిపోయే మందు కాదు. నేలలో, కట్టెలో నిలుస్తుంది, మేత ద్వారా పాలలోకి చేరుతుంది. వేరుశనగ కట్టె మన జిల్లాలో పశువులకు ముఖ్యమైన మేత అన్నది అందరికీ తెలిసిందే. దేశంలో పలుచోట్ల పాలలో, ఆహారధాన్యాల్లో ఈ మందు అవశేషాలు బయటపడ్డాయి. 1997లో భారత ప్రభుత్వం బి.హెచ్.సి.ని నిషేధించింది. మిథైల్ పెరాథియాన్‌ను 2018లో నిషేధించింది. నలభై ఏళ్ళపాటు రైతుకు ఇదే దిక్కు అని చెప్పిన మందులు రెండూ ఆ విధంగా రంగం నుంచి తప్పుకున్నాయి. పురుగు మాత్రం తప్పుకోలేదు.

మంటలు వెలిగిన రాత్రులు

కథ మలుపు తిరిగింది మన జిల్లాలో కాదు, తెలంగాణలోని మహబూబ్‌నగర్, నల్గొండ వంటి మెట్ట జిల్లాల్లో. అక్కడి చల్కనేలల్లో ఈ పురుగుకు ఆముదం ఇష్టమైన ఆహారం. మొలక దశలోనే తినివేయడం వల్ల రైతులు ఒకే చేనిని మళ్ళీ మళ్ళీ విత్తవలసి వచ్చేది. 1989 నుంచి కొన్ని సంవత్సరాలపాటు, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, దానితో కలిసిన గ్రామీణ స్వచ్ఛంద సంస్థలు, వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రజ్ఞులు, వ్యవసాయశాఖవారు చేయి కలిపి రసాయన మందు లేకుండానే ఈ పురుగును అదుపు చేయవచ్చునని ఊళ్ళలో చూపించారు.

వారు చేసినది కొత్త కనిపెట్టుడు కాదు. కోయంబత్తూరు పెద్దలు చెప్పినదానినే ఊరందరిచేత ఒకే సమయానికి చేయించడం. తొలివాన పడిన తర్వాత రెక్కల పురుగులు లేచే రాత్రుల్లో ఊరిచుట్టూ చేలల్లో ఒకేసారి మంటలు వేయాలి. చెత్త, పాత టైర్లు, పంట మోళ్ళు, ఏది దొరికితే అది. చీకటి పడింది మొదలు సుమారు పదకొండు గంటలదాకా మంట ఆరకూడదు. కరెంటు ఉన్నచోట బల్బు, లేనిచోట పెట్రోమాక్సు, కింద నీళ్ళ పళ్ళెంలో కాస్త కిరసనాయిలు. దీపాన్ని తప్పించుకున్న పురుగులు పెట్టిన గుడ్ల గుంపులను పగలు వెదికి ఏరాలి. అందుకే గట్టుమీది ఆముదం, అలసంద వరుసలు కావాలి. పురుగు ముందుగా వాటిమీద వాలుతుంది కనుక వెదకవలసిన చోటు తగ్గుతుంది. దండు కదిలితే అడుగు లోతు కందకం తీయాలి. చేనిలో అక్కడక్కడ జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేస్తే పురుగులు వాటి కిందకు చేరతాయి, తెల్లవారి ఏరి చంపవచ్చు.

ఒక్క ఆడపురుగు గుడ్లు పెట్టకముందే మంటలో పడితే ఆరేడు వందల పిల్లపురుగులు పుట్టనట్టే. ఊరిమొత్తంమీద వంద ఆడపురుగులు పడితే అరవై డెబ్బై వేల లెక్క. ఏ మందుకూ ఈ పొదుపు లేదు. కాని ఒక్కడు మంట వేస్తే చుట్టుపక్కల పురుగులన్నీ అతని చేనికే వచ్చే ప్రమాదమూ ఉంది. పదిమంది వేస్తే లాభం, ఒకడు వేస్తే నష్టం. 1919 చట్టం అధికారంతో చేయించబోయిన పనిని ఇక్కడ ఊరు తన ఇష్టంతో చేసింది.

ప్రకృతిలో మనకు తోడ్పడే జీవులు కూడా ఉన్నాయి. తొలకరితో కనిపించే చాతకపక్షి మిగిలిన పక్షులు ముట్టని వెంట్రుకల పురుగులను ఇష్టంగా తింటుంది. ఈ పురుగుకు ఒక వైరస్ జబ్బు కూడా సోకుతుంది. అది సోకినవి కొమ్మల చివర తలకిందులుగా వేలాడి చస్తాయి. విషం చల్లిన చేలలో ఇటువంటి తోడు నిలవడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

ఒక పురుగు నుంచి ఒక ఉద్యమం

ఆ మంటల రాత్రుల ప్రభావం ఒక్క పురుగుతో ఆగలేదు. ఎర్ర గొంగళిపురుగుతో మొదలైన ఆ ప్రయత్నమే తర్వాత కంది, పత్తి పంటలకు కూడా పాకి, పురుగుమందులు లేని సస్యరక్షణ అనే పద్ధతిగా స్థిరపడింది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం ఆ దారిలోనే పురుగుమందులు మానివేసిన ఊరిగా పేరు తెచ్చుకుంది. 2004–05 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని రాష్ట్రమంతటికీ తీసుకెళ్ళింది. విభజన తర్వాత 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో చేపట్టిన ప్రకృతి వ్యవసాయానికి వేళ్ళు ఇక్కడే ఉన్నాయి. అనంతపురం చేలల్లో ఇప్పుడు వానలకు ముందే నవధాన్యాలు పొడినేలలో విత్తుతున్న రైతులు, తాతల నాటి కలిపివిత్తే పద్ధతికి కొత్తరూపం ఇస్తున్నారనే చెప్పాలి.

జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్‌లో కదిరి, ధర్మవరం, హిందూపురం, పుట్టపర్తి ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడ్డాయి. వేరుశనగ విస్తీర్ణం వెనుకటి స్థాయి నుంచి తగ్గింది. చీనీ, దానిమ్మ, అరటి తోటలు పెరిగాయి. అయినా ఎర్రనేల మెట్టరైతుకు నేటికీ శనక్కాయే పెద్ద ఆధారం. ఖరీఫు మొదట్లో వ్యవసాయశాఖ ఇచ్చే సూచనల్లో ఎర్ర గొంగళిపురుగు పేరు నేటికీ ఉంటుంది. కొత్త శత్రువులు కూడా వచ్చారు. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ వద్ద దేశంలో తొలిసారి కనిపించిన కత్తెరపురుగు అనతికాలంలోనే మన మొక్కజొన్న చేలకు చేరింది, చెరకును కూడా వదలలేదు. అదీ రెక్కల పురుగు సంతానమే. దానికీ సర్వే నంబర్లు తెలియవు.

మనవంతు

వందేళ్ళ ఈ చరిత్రలో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. పురుగు స్వభావం తెలియక మనం ఓడిన సందర్భాలు తక్కువ. తెలిసిన దానిని అందరం కలిసి ఒకే రాత్రి చేయలేక ఓడిన సందర్భాలే ఎక్కువ. 1914 నాటికి శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్న తెలివి 1989 తర్వాత గాని ఊళ్ళలో పూర్తిగా ఆచరణకు రాలేదు. మధ్యలో గడిచిన డెబ్బై అయిదేళ్ళలో ఎన్ని చేలు మోడుబారాయో ఎవరు లెక్కకట్టగలరు?

ఇప్పుడు గ్రామాల్లో రైతు సేవా కేంద్రాలున్నాయి, యువకులైన సహాయకులున్నారు, ప్రతి చేతిలో ఫోను ఉంది. వాన ఎంత పడిందో ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. కాని ఈ వానకు పురుగు లేస్తుందా, ఏ గట్టుకింద ప్యూపాలు ఎక్కువ, ఏ దిక్కునుంచి దండు వస్తుంది అన్న ఎరుక ఆ ఊరి మట్టిలో దశాబ్దాలు తిరిగినవారి దగ్గర ఉంటుంది. మన సభ్యుల్లో చాలామంది దగ్గర అది ఉంది. ఫైళ్ళలో ఆ ఎరుక నిలవదు. ఒకరి నోటినుంచి మరొకరి చెవిన పడితేనే నిలుస్తుంది.

కాబట్టి మిత్రులకు నా మనవి. వేసవిలో మీ ఊరికి వెళ్ళినప్పుడు గట్లవెంట నాలుగు చోట్ల మట్టి తవ్వి చూడండి. ముదురు గోధుమరంగు ప్యూపాలు కనిపిస్తే ఆ ఊరి యువరైతులకు, రైతు సేవా కేంద్రం వారికి చూపించండి. దుక్కి దున్నమని చెప్పండి. గట్టున నాలుగు వరుసల ఆముదం వేయమని చెప్పండి. ముంగారు వాన గట్టిగా పడిన మర్నాడు ఊరి పెద్దలకు ఒక్క ఫోను చేసి, ఆ వారం రాత్రులు ఊరంతా కలిసి మంటలు వేయమని గుర్తుచేయండి. జీతం లేని ఉద్యోగమే అయినా, పనికి వచ్చే ఉద్యోగం.